మూడు మాటలే దాచుకున్న భాష: ఆరేళ్ళుగా డ్రూల్స్ వాడుతూ

బెంగళూరులో ఒక ఫైనాన్స్ కంపెనీలో రూల్స్ రాయడం నా ఉద్యోగం. ఎవరికి అప్పు ఇవ్వొచ్చు, ఎంత ఇవ్వొచ్చు, ఏ ఫైలు మనిషి కంటితో చూశాకే ముందుకు పోవాలి, ఇవన్నీ పాలసీ టీమ్ చెబుతుంది. వాటిని నేను డ్రూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాస్తాను. ఆరేళ్ళయింది. డ్రూల్స్ వేగం గురించి, అది మెమొరీ ఎంత తింటుందనే దాని గురించి మీకు బోలెడు సమీక్షలు దొరుకుతాయి. నేను ఒక్క సంగతి గురించే రాస్తాను. ఈ భాష తనకోసం ఏ మాటలు అట్టిపెట్టుకుంది, మనకు ఏవి వదిలిపెట్టింది?

ఇది నాకెందుకు అంత ముఖ్యమో చెప్పాలంటే అంతకుముందు పని చేసిన చోటి నుంచి మొదలుపెట్టాలి. అక్కడ రూల్స్ కోసం వాళ్ళు సొంతంగా తయారు చేసుకున్న భాష ఒకటి ఉండేది. అందులో 'యాక్షన్', 'రిజల్ట్', 'డ్యూరేషన్', 'టెంప్లేట్' అన్నీ రిజర్వ్‌డ్ పదాలే. అంటే ఫీల్డుకు, ఒక్కో వివరం దాచుకునే గడికి, ఆ పేరు పెట్టకూడదు. అప్పులిచ్చే వ్యాపారంలో ఈ నాలుగు మాటలు లేకుండా ఒక్క పూట గడవదు. అప్పు ఎన్ని నెలలకో చెప్పేది డ్యూరేషన్. క్రెడిట్ బ్యూరో నుంచి వచ్చేది రిజల్ట్. వసూలుకు వెళ్ళిన మనిషి ఏం చేశాడో రాసేది యాక్షన్. కస్టమర్‌కి వెళ్ళే ఉత్తరం టెంప్లేట్. ఆ పేర్లు పెట్టుకునే వీల్లేక ఒకరు చివర ఒక అక్షరం తీసేసి రాసేవారు, ఒకరు ముందు ఎక్స్ తగిలించేవారు, ఇంకొకరు చివర 1 పెట్టేవారు. నేను చేరేసరికి డ్యూరేషన్‌కి మూడు స్పెల్లింగులు ఉన్నాయి. ఒకదానిలో నెలలు, ఒకదానిలో రోజులు, మూడోదానిలో ఏముందో రాసినవాళ్ళు వెళ్ళిపోయాక ఎవరికీ తెలియలేదు. 36 నెలల అప్పును 36 రోజుల అప్పుగా చదివిన రూల్ ఒకటి దాదాపు వారం నడిచింది. ఆ వారం తిరస్కరించిన దరఖాస్తులను ఒక్కొక్కటిగా తిరిగి తెరిచి చూసింది నేనే. అందులో ఒక కిరాణా కొట్టాయన నాలుగుసార్లు ఫోన్ చేశాడని నోట్‌లో రాసి ఉంది. ఆ నోట్ ఇప్పటికీ నాకు గుర్తుంది.

కాబట్టి డ్రూల్స్‌కి మారినప్పుడు నేను మొదట వెతికింది ఇంజిన్ గురించి కాదు, కీవర్డ్ల జాబితా, అంటే భాష ప్రత్యేక అర్థంతో వాడే మాటల జాబితా.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. డ్రూల్స్ అనేది జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఓపెన్ సోర్స్ రూల్ ఇంజిన్, అంటే మనం రాసిచ్చిన రూల్స్‌ను వచ్చిన సమాచారం మీద నడిపే సాఫ్ట్‌వేర్. 2001లో బాబ్ మెక్‌వర్టర్ మొదలుపెట్టారు, ఆ తర్వాత చాలా ఏళ్ళు మార్క్ ప్రాక్టర్ నడిపించారు. జేబాస్, రెడ్ హ్యాట్ కంపెనీల గూటిలో పెరిగి, 2023 నుంచి అపాచీ ఫౌండేషన్‌లో కేఐఈ ప్రాజెక్టు కింద ఉంది. దీని మూలంలో ఉన్నది చార్ల్స్ ఫోర్గీ 1970ల్లో కనిపెట్టిన రీటీ అల్గారిథమ్, రూల్స్‌ను సమాచారంతో సరిపోల్చే పద్ధతి. 6వ వెర్షన్ నుంచి దాని స్థానంలో ఫ్రీక్ అనే కొత్త పద్ధతి వచ్చింది. రూల్స్ రాసే భాష పేరు డీఆర్ఎల్. ఒక రూల్‌కి పేరు పెడతాం. 'వెన్' కింద షరతులు, 'దెన్' కింద చేయాల్సిన పని రాసి, 'ఎండ్' అని ముగిస్తాం. అంతే.

2009లో వచ్చిన 5వ వెర్షన్‌తో డ్రూల్స్ తన కీవర్డ్లను రెండు కుప్పలు చేసింది. మొదటిది హార్డ్ కీవర్డ్లు. ఇవి పూర్తిగా రిజర్వ్‌డ్, ఫీల్డుకీ మెథడ్‌కీ ఆ పేరు పెట్టకూడదు. ఇప్పుడు అవి మూడే మూడు: ట్రూ, ఫాల్స్, నల్. రెండోది సాఫ్ట్ కీవర్డ్లు. అవి దాదాపు నలభై ఉన్నాయి: రూల్, వెన్, దెన్, ఎండ్, క్వెరీ, గ్లోబల్, ఫంక్షన్, ఫ్రమ్, నాట్, ఇన్, ఎగ్జిస్ట్స్, అక్యుములేట్, కలెక్ట్, ఇంకా చాలా. నా పాత కష్టాల జాబితాలోని యాక్షన్, రిజల్ట్, డ్యూరేషన్, టెంప్లేట్ కూడా ఈ కుప్పలోనే ఉన్నాయి. ఇవి తమ చోటులో ఉన్నప్పుడే కీవర్డ్లు. చోటు మారితే మామూలు పేర్లు.

ఇది తెలుగువాళ్ళకు చెప్పడం తేలిక. 'నూరు' అంటే వంద. 'పచ్చడి నూరు' అంటే ఆ వంద కాదు. 'ఏడు' అంకె, 'ఏడు, ఏడ్చి మనసు తేలిక చేసుకో' అన్నప్పుడు క్రియ. అంకె ఉందని ఏడవడాన్ని ఎవరూ నిషేధించలేదు. ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తికమక రాదు, ఎందుకంటే పక్కనున్న మాట చూసి అర్థం చేసుకుంటారు. డ్రూల్స్ పార్సర్, అంటే మనం రాసినదాన్ని చదివి విడదీసే భాగం, చేసేదీ అదే. మొదటి దశలో 'డ్యూరేషన్' అనే మాటను అది కీవర్డ్ అనుకోదు, ఏదో ఒక పేరు అనే తీసుకుంటుంది. రెండో దశలో, తానున్న చోట ఆ మాట కీవర్డ్‌గా రావచ్చా అని చూస్తుంది. వెన్‌కి ముందు, రూల్ ఎప్పుడు, ఎలా నడవాలో చెప్పే లక్షణాలు రాసే చోట డ్యూరేషన్ వస్తే ఇంత సమయం ఆగి, షరతు అప్పటికీ నిజమైతేనే రూల్‌ను నడపమని అర్థం. అదే మాట 'లోన్' బ్రాకెట్ల లోపల వస్తే అది లోన్ తాలూకు ఫీల్డు. యాక్షన్, రిజల్ట్, రివర్స్, ఇనిట్ అయితే అక్యుములేట్ లోపల మొత్తాలు లెక్కగట్టేటప్పుడే కీవర్డ్లు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. రూల్ లక్షణాల పేర్లు చాలావాటిలో మధ్యలో అడ్డగీత ఉంటుంది: నో-లూప్, లాక్-ఆన్-యాక్టివ్, ఎజెండా-గ్రూప్, డేట్-ఎఫెక్టివ్, డేట్-ఎక్స్‌పైర్స్. జావాలో ఏ పేరులోనూ అడ్డగీత రాకూడదు. అంటే మన ఫీల్డు పేరు ఈ మాటలతో ఢీకొనే అవకాశమే లేదు. ఎవరి ఆలోచనో గానీ, చిన్న గీతతో ఒక పెద్ద తగాదా ముందే తీర్చేశారు.

సరే, నిజంగానే మీ పాత సిస్టంలో ట్రూ అనే ఫీల్డు ఉందనుకోండి. దానికీ దారి ఉంది. ఆ పేరును వెనక్కి వాలిన ఒంటి కామాల మధ్య, అంటే కీబోర్డులో 1 అంకె పక్కనుండే గుర్తు మధ్య పెడితే డ్రూల్స్ దాన్ని కీవర్డ్‌గా కాక పేరుగా చదివి 'ఈజ్‌ట్రూ' మెథడ్‌ను పిలుస్తుంది. ఆరేళ్ళలో నాకు ఆ అవసరం ఒక్కసారీ రాలేదు. మూడు మాటలే దాచుకుంటే ఇంత హాయిగా ఉంటుంది.

ఇక ఇబ్బందులు.

మొదటిది 'ఎండ్'. పేరుకు సాఫ్ట్ కీవర్డ్. అయితే దెన్ భాగంలో ఉండేది జావా కోడ్. ఆ కోడ్ ఎక్కడ ఆగుతుందో డ్రూల్స్ తెలుసుకునేది 'ఎండ్' అనే మాట చూసే. మారటోరియం మొదలు, ముగింపు తేదీల లెక్క రాస్తూ నేను దెన్ కింద ముగింపు తేదీకి 'ఎండ్' అని ఒక లోకల్ వేరియబుల్ పెట్టాను. పార్సర్ రూల్ అక్కడితో అయిపోయిందనుకుంది. ఎర్రర్ ఆ తర్వాత మిగిలిన ముక్క మీద చూపించింది. నేను ఆ ముక్కనే పట్టుకుని సెమికోలన్లు, బ్రాకెట్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. శుక్రవారం సాయంత్రం, రింగ్ రోడ్డు మీద బండ్లు కదలడం లేదు, మా పాలసీ అనలిస్టు అక్క కాల్‌లో ఉండి "ఏమ్మా, అయిందా? నేను మళ్ళీ పిల్లల దగ్గరికి పోవాలి" అని అడుగుతోంది. చివరికి కొత్తగా చేరిన తమ్ముడు వెనక నిలబడి చూసి, "అక్కా, ఆ పేరు ఒకసారి మార్చి చూడు" అన్నాడు. 'ఎండ్‌డేట్' అని కలిపి రాశాక వెంటనే పోయింది. కీవర్డ్ పెద్ద పేరులో ఒక ముక్కగా ఉంటే ఏ గొడవా లేదు. ఒంటరిగా ఉంటేనే సమస్య.

డాక్యుమెంటేషన్‌లో సాఫ్ట్ కీవర్డ్లను ఎక్కడైనా వాడుకోవచ్చు, అయినా తికమక రాకుండా వీలైతే మానండి అని రాసి ఉంది. ఆ 'వీలైతే' అనే మాట ఎండ్ విషయంలో సరిపోదు. దెన్ భాగంలో ఎండ్ వాడొద్దు అని ప్రత్యేకంగా, పెద్ద అక్షరాల్లో రాయాలి. ఒక మాటకు చోటును బట్టి అర్థం ఉంటుందని చెప్పినప్పుడు, ఆ చోటు ఎంత వరకో కూడా చెప్పాలి.

రెండోది ఎర్రర్ సందేశాలు. వాటికి నంబర్లు ఇవ్వడం మంచి పనే. 101 అంటే పార్సర్‌కి ముందుకు పోయే దారి కనిపించలేదని, 102 అంటే అనుకున్న మాట బదులు వేరేది వచ్చిందని. లైను, కాలమ్ నంబర్లు, ఏ రూల్‌లో అన్నదీ చెబుతుంది. 103 మాత్రం నాకు గుచ్చుకుంటుంది. సాఫ్ట్ కీవర్డ్ ఉండాల్సిన చోట లేనప్పుడు వచ్చే ఎర్రర్ అది. 'ఫెయిల్డ్ ప్రెడికేట్' అని మొదలుపెట్టి, పార్సర్ లోపలి మెథడ్ పేరును అలాగే తెచ్చి మన ముందు పడేస్తుంది. ఆ మెథడ్ పేరు పార్సర్ రాసినవారికి పనికొస్తుంది. రూల్ రాసేవారికి కావాల్సింది 'ఇక్కడ రూల్ అనే మాట రావాలి' అనే ఒక్క వాక్యం.

మూడోది డ్రూల్స్ తప్పు కాదు, అయినా చెప్పాలి. మేము వాడే ఎడిటర్ కీవర్డ్లకు రంగు వేస్తుంది. పార్సర్‌కి తెలిసిన సందర్భం దానికి తెలియదు. బ్రాకెట్లలో ఫీల్డుగా వచ్చిన 'రిజల్ట్' కూడా కీవర్డ్ రంగులోనే మెరుస్తుంది. కొత్తవాళ్ళు ఆ రంగు చూసి భయపడి పేరు మార్చేస్తారు. వద్దన్నా మారుస్తారు. నేను తిరిగి పాత పేరే పెట్టిస్తాను. పాలసీ కాగితంలో ఏ మాట ఉందో రూల్‌లో అదే మాట ఉండాలి, రంగు కోసం మాట మార్చకూడదు.

వేరే భాషలతో పోల్చితే డ్రూల్స్ తీసుకున్న నిర్ణయం విలువ ఇంకా తెలుస్తుంది. జావాలో 2002లో వచ్చిన 1.4 వెర్షన్‌తో 'అసర్ట్', 2004లో వచ్చిన 5తో 'ఈనమ్' పూర్తి కీవర్డ్లయ్యాయి. అప్పటిదాకా ఎన్యుమరేషన్‌కి పొట్టిగా ఈనమ్ అని పేరు పెట్టుకున్నవాళ్ళంతా కోడ్ మార్చుకోవాల్సి వచ్చింది. ఆ అనుభవం తర్వాత జావా దారి మార్చుకుంది. 2018లో 10తో వచ్చిన 'వార్', ఆ తర్వాత వచ్చిన 'రికార్డ్' సందర్భాన్ని బట్టి పనిచేసేవే. వార్ అనే పాత వేరియబుల్ ఇప్పటికీ కంపైల్ అవుతుంది. పైథాన్‌లోనూ అదే కథ. 3.7లో 'అసింక్' రిజర్వ్‌డ్ కాగానే ఆ పేరుతో పారామీటర్లున్న లైబ్రరీలు విరిగాయి. 3.10లో 'మ్యాచ్' వచ్చేసరికి దాన్ని సాఫ్ట్ కీవర్డ్‌గా తెచ్చారు. డ్రూల్స్ 2009లోనే ఆ దారి పట్టింది. ఎస్‌క్యూఎల్ సంగతి చెప్పక్కర్లేదు, అందులో ఆర్డర్ అనే మాట రిజర్వ్‌డ్, టేబుల్‌కి ఆ పేరు నేరుగా పెట్టలేక 'ఆర్డర్స్' అని బహువచనం పెట్టుకునేవాళ్ళున్నారు.

డ్రూల్స్‌లోనే డీఎంఎన్ అనే మరో దారి కూడా ఉంది. నిర్ణయాలను పట్టికలుగా, బొమ్మలుగా గీసే ప్రమాణం అది. అందులో వాడే ఫీల్ అనే భాష ఇంకో అడుగు ముందుకు వేసి, పేర్ల మధ్య ఖాళీలు కూడా ఉండనిస్తుంది. 'అప్లికెంట్ ఏజ్' అని రెండు మాటల్లో రాయొచ్చు. అనలిస్టు అక్కకు అది ఎంతో నచ్చింది. నాకు భయమేసింది. ఫీల్‌లో 'డేట్ అండ్ టైమ్' అనేది ఒక ఫంక్షన్ పేరు. 'అండ్' అనేది ఆ భాషలోనే రెండు షరతులను కలిపే ఆపరేటర్. పార్సర్ తేల్చుకుంటుంది, నిజమే. రాత్రి పది గంటలకు ప్రొడక్షన్ సమస్య చూస్తున్న మనిషి తేల్చుకోగలడా అన్నదే నా టెన్షన్. చిన్న పట్టికలకు డీఎంఎన్ వాడుతున్నాం, పెద్ద రూల్స్ అన్నీ డీఆర్ఎల్‌లోనే.

మాటలు మనకు వదిలిపెట్టిన భాషలో ఆ మాటల బరువు మనమే మోయాలి. ఇది నాకు బంగారం లోన్ల పనిలో బాగా తెలిసింది. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు బంగారం, వెండి తాకట్టు అప్పుల మీద కొత్త ఆదేశాలిచ్చింది. సొంత ఖర్చులకు తీసుకునే అప్పు రూ.2.5 లక్షల వరకైతే తాకట్టు విలువలో 85 శాతం, 2.5 లక్షలు దాటి 5 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం. అమలుకు పెట్టిన గడువు 2026 ఏప్రిల్ 1. డ్రూల్స్‌లో ఇది మూడు రూల్స్ పని. డేట్-ఎఫెక్టివ్‌లో తేదీ పెడితే ఆ రోజు నుంచే నడుస్తాయి, పాత రూల్స్‌కి డేట్-ఎక్స్‌పైర్స్ పెడితే సరి. తేదీని మామూలుగా రోజు, మూడక్షరాల నెల పేరు, సంవత్సరం వరుసలో రాయాలి. నెలను అంకెల్లో రాస్తే తీసుకోదు, అది కాన్ఫిగరేషన్‌లో మార్చుకోవాలి. ఈ రెండు లక్షణాలూ నిజంగా బాగా పనిచేస్తాయి. అర్ధరాత్రి డిప్లాయ్‌మెంట్ కోసం ఎవరూ మేలుకోనక్కర్లేదు.

తాకట్టు పెట్టిన బంగారం విలువను పట్టుకునే మొదటి ముక్క మా టీమ్‌లోని మైసూరు అబ్బాయి రాశాడు. డాలర్ గుర్తు పెట్టి, దాని పక్కన 'చిన్న' అని వేరియబుల్ పేరు పెట్టాడు. కన్నడలో చిన్న అంటే బంగారం. ఇక్కడ ఏ నగల కొట్టు బోర్డు చూసినా కనిపించే మాటే. ఇన్నేళ్ళుగా నేనూ చూస్తున్నాను. కానీ స్లాబులు రాసే రోజు నా తలలో ఉన్నది చిన్న లోన్, పెద్ద లోన్. 2.5 లక్షల లోపు చిన్న లోన్ కదా, ఆ మొత్తమే ఇది అనుకుని అప్పు మొత్తం బదులు దాన్నే 2.5 లక్షలతో పోల్చాను. డ్రూల్స్‌కి ఏ అభ్యంతరమూ లేదు, రెండూ అంకెలే. నాకూ ఏ తేడా కనిపించలేదు.

పట్టుకున్నది అనలిస్టు అక్క. ఆమె టెస్టులో రూ.3,00,000 విలువ చేసే బంగారం మీద రూ.2,50,000 అడిగింది. వడ్డీ లెక్క పక్కన పెడితే అది 83.3 శాతం, 85 లోపే కాబట్టి రావాలి. రాలేదు. నా రూల్ బంగారం విలువ 3 లక్షలను చూసి 80 శాతం స్లాబులో పడేసింది, అక్కడ రూ.2,40,000 దాటితే కుదరదు. "ఇంటి ఫీజులకో, ఆసుపత్రికో తాకట్టు పెట్టుకునే మనిషికి ఆ పదివేలు తక్కువేం కాదు, మళ్ళీ చూడు" అంది. చూశాను. ఇప్పుడు మా దగ్గర వేరియబుల్ పేర్లన్నీ పాలసీ కాగితంలో ఉన్న మాటలే. ఏ ఇంటి భాష మాటైనా సరే, అది కాగితంలో లేకపోతే రూల్‌లోకి రాదు. మైసూరు అబ్బాయి దానికి 'గోల్డ్ వాల్యూ' అని పేరు మార్చి, నన్ను క్షమాపణ అడిగాడు. అడగాల్సింది నేనే అని చెప్పాను.

మిగతావి త్వరగా. సేలియన్స్ అనే లక్షణంతో ఏ రూల్ ముందు నడవాలో అంకె ఇవ్వొచ్చు, మామూలుగా అది 0. వీలైనంత వరకు దాన్ని ముట్టుకోకండి. ఒకరు 10 ఇస్తే ఇంకొకరు 100 ఇస్తారు, ఏడాదిలో ఎవరికీ లెక్క తెలియదు. నో-లూప్ మాత్రం తెలుసుకుని వాడండి. ఒక రూల్ తాను మార్చిన విషయం చూసి తానే మళ్ళీ నడవకుండా ఆపుతుంది, రెండు రూల్స్ ఒకదాన్నొకటి లేపుకుంటుంటే ఆపదు. మామూలు ఇంగ్లీషు వాక్యాల్లో రూల్స్ రాసుకునే డీఎస్ఎల్ సదుపాయం ఉంది. మేము మూడు నెలలు వాడి మానేశాం. వాక్యం ఒకచోట, అసలు రూల్ ఇంకోచోట ఉండటంతో తప్పు వెతకడం రెండింతలైంది. లైసెన్సు ఖర్చు లేదు, జావా తెలిసినవారు ఇద్దరైనా టీమ్‌లో ఉండాలి.

నేను 5కి 4 ఇస్తాను. ఆ ఒకటి తగ్గించింది ఎండ్‌కీ, 103కీ. పది పదిహేను రూల్స్ ఉన్న చిన్న అప్లికేషన్‌కి ఇది అక్కర్లేదు, మామూలు జావా చాలు. పాలసీ తరచుగా మారుతూ, దాన్ని రాసేవారు వేరు, చదివేవారు వేరుగా ఉన్న చోట తీసుకోండి. తీసుకున్న రోజే సాఫ్ట్ కీవర్డ్ల జాబితా ఒక కాగితం మీద ప్రింట్ తీసి, పక్కన మీ వ్యాపారంలో రోజూ వాడే మాటలు రాసి, రెండిట్లోనూ ఉన్నవాటి కింద గీత గీయండి. మా దగ్గర ఏడు మాటలకు గీత పడింది. ఆ కాగితం ఇప్పటికీ నా సీటు పక్కన గోడకు అంటించి ఉంది, 'ఎండ్' చుట్టూ ఎర్ర ఇంకుతో గుండ్రం చుట్టింది అనలిస్టు అక్క.